రెప్ప మీది నీలం

"ఎనక కూసున్నోళ్లకు నా కండ్లు కనవడ్తలేవట. నీలం జర గట్టిగ పెట్టు," అని ముత్తయ్య చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. సక్కుబాయి రంగుల పెట్టె దగ్గరికి లాక్కుంది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. మిర్యాలగూడ అంగడి మైదానంలో ఆ రోజు వాళ్ల నాటకం. సైదయ్య నడిపే నాటక సమాజంలో ఆడవేషాలన్నీ ముత్తయ్యవే. భర్త ముఖాన్ని ఆడముఖం చేయడం సక్కుబాయి పని. అందరికీ వండటం, బట్టలుతకడం, చిరిగిన తెరలు కుట్టడం కూడా ఆమే చేసేది. వాటిని పని అని ఎవరూ అనలేదు.

ముందు నీలం పొడిని దూదితో అద్దింది. పొడి చెంపల మీదికి రాలింది. రెప్ప మీద మాసిన మరక మిగిలింది. మేకవెంట్రుకల కుంచె పట్టింది. అది గీతలు గీసిందే తప్ప రంగు పట్టించలేదు. అంతా తుడిచి, రెప్పల జిడ్డు పోయేదాకా గుడ్డతో ఒత్తి, కింద పలచగా తెల్లరంగు పూసింది. ఉంగరపు వేలి కొసకు కొబ్బరినూనె తాకించి, నీలాన్ని రుద్దకుండా, మెల్లగా అద్దుతూ పోయింది. అప్పుడు లేచింది రంగు. అప్పుడే ముట్టించిన గ్యాసుబత్తి వెలుగులో నిగనిగలాడింది.

తనకెట్లా ఉంటుందో అనిపించి, వేలికి మిగిలింది తన రెప్పకు రాసుకుంది. అద్దంలో చూసుకుంటుండగానే ముత్తయ్య కళ్లు తెరిచాడు.

"తుడుసుకో. సంసారి ఆడిది గిట్ల జేస్తదా?" అన్నాడు, రవిక కింద గుడ్డల ఉండలు సర్దుకుంటూ.

తుడుచుకుంది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. కోదాడ మకాం తర్వాత ఆమెకు ఏదీ రావడం లేదు. ఆకలి వేయదు, అన్నం తింటుంది. ఎవరైనా నవ్వితే నవ్వుతుంది. కోదాడలో ఆమె కడుపు పోయింది. విడిది గోడకు ఒరిగి, ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, ఇంకో చేత్తో నోరు నొక్కుకుని ఏడ్చింది. ముత్తయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "చేతులకేం గాలేదు గద. పొద్దుగూకుతున్నది, రంగెయ్యి," అన్నాడు. ఆమె లేచి వేసింది.

మిర్యాలగూడ ఆటలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఘట్టం వచ్చింది. సక్కుబాయి తెర పక్కన నిలబడి చూస్తోంది. ముత్తయ్య గుంజకు ఒరిగాడు. ఒక చెయ్యి పొత్తికడుపు మీదికి పోయింది. ఇంకో చేత్తో నోరు నొక్కుకున్నాడు. భుజాలు అదిరిన తీరు కూడా ఆమెదే. మైదానంలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. సైదయ్య మురిసిపోతూ ఆమె పక్కకు వచ్చాడు.

"సూసినవా బిడ్డా! ఆడోళ్లకు గూడ రాదు గట్ల ఏడ్వనీకి."

సక్కుబాయి తలూపింది.

తర్వాతి మకాం సూర్యాపేట. ముత్తయ్య పెందలాడే వచ్చి కూర్చున్నాడు. ఒక రెప్పకు నీలం అద్దడం అయింది. కళ్లు మూసుకునే అన్నాడు:

"ఏమే, కోదాడల ఏడ్సినవ్ సూడు, ఊపిరి గుంజేటప్పుడు ఓ సప్పుడొచ్చింది. గది నాకు దొర్కుతలేదు. ఒక్కపారి జేసి సూపెట్టు."

రెండో రెప్ప మీదికి పోతున్న ఆమె వేలు గాలిలోనే ఆగింది. వేలిని గుడ్డకు తుడుచుకుంది.

"ఇంకో కన్ను?" అన్నాడు ముత్తయ్య.

"కన్ను నీది, నువ్వే పెట్టుకో. ఏడుపు నాది. అది నేనియ్య."

"ఏమైందే నీకు? జనమొస్తున్నరు!"

ఆమె డేరా తడిక తోసుకుని బయటికి నడిచింది. మైదానంలో చాపల మీద ఆడవాళ్లు అప్పుడే సర్దుకుంటున్నారు. ఒక ముసలామె పక్కకు జరిగి, "గీడ కూసో బిడ్డా, ఇంక మొదలుగాలే," అంది. సక్కుబాయి కూర్చుంది.

తెర లేవకముందే ఆమెకు ఏడుపొచ్చింది.