పొగాకు చీటీల మాస్టారు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మన్నించండి. అవి నావే, నాకు నేర్పినాయనవి కావు. చిన్నప్పుడు బడి రిజిస్టరులో నా పేరు ఉండేది. నేను మాత్రం షెడ్డులో పొగాకు ఆకులు దండలు గుచ్చుతూ ఉండేదాన్ని. యాభై ఆరేళ్ళకు నా చేత అక్షరాలు దిద్దించింది నియోజ్ మాస్టారు. ఇది ఆయన గడిపిన ఒక రోజు గురించి.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు మాస్టారు సైకిలు దిగి, ప్యాంటు కాలికి పెట్టుకున్న బట్టల క్లిప్పు తీసి చొక్కా జేబుకు తగిలించుకున్నారు. సంచీలోంచి హల్వా డబ్బా తీసి అతిథిగృహం ముంగిట్లో మల్బరీ చెట్టు కింద బల్ల మీద పెట్టారు. డబ్బా నిండా చీటీలు. మూతబడిన పొగాకు గోదాములో మూటలకు కట్టే అట్టచీటీలవి. ఒక వైపు మూట నంబరు, రెండో వైపు ఆయన చేతిరాత.

ఆయనకు డెబ్బై ఒక్కేళ్ళు. పుస్తకాల సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి వాలిపోయింది. పైవరసలో ముందుపన్ను ఒకటి లేదు. "థాంక్యూ అనేటప్పుడు నాలుక బయటికి రావడానికి దేవుడు నాకో కిటికీ తెరిచిపెట్టాడు" అనేవారు.

పల్లెటూరి బడిలో ముప్పై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పారు. ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషిని మాత్రం యాభై రెండేళ్ళు వచ్చేదాకా చూడలేదు. చివరికి బజారులో పుచ్చకాయ బేరమాడుతూ ఒకడు కనబడితే, వెయ్యిమంది పిల్లలకు నేర్పిన పలకరింపే వాడి ముందు పెట్టారు. వాడు మర్యాదగానే నవ్వాడు. "మా తాతగారు అలా అనేవారు" అన్నాడు. మాస్టారు పుచ్చకాయ కొనకుండానే ఇంటికి వచ్చేశారు. చీటీలు రాయడం ఆ రోజునుంచే. ఒకేలా కనిపించే మాటలు రెండేసి, వాటి కింద తేడా.

పెన్షన్ సరిపోక, మా అతిథిగృహానికి వచ్చే విదేశీయుల పేర్లు రాసే పని చేసేవారు. నేను వంటమనిషిని. యజమాని సాంగిన్ ఒకప్పుడు ఆయన శిష్యుడే.

"వాట్ డు యూ వాంట్. వాట్ వుడ్ యూ లైక్." మాస్టారు చీటీ పైకెత్తారు. "ఏమిటి తేడా?"

"మొదటిది నేను మా కోడలితో అనేది. రెండోది మా కోడలు నాతో అనాల్సింది."

ఆయన నవ్వు పన్ను సందులోంచి ఈల వేసినట్టు వచ్చింది.

సాంగిన్ మెట్ల మీదినుంచి అన్నాడు: "మాకు మాత్రం పదేళ్ళు 'సిట్ డౌన్' ఒక్కటే చెప్పారు కదా మాస్టారూ!"

"మీరు కూర్చుంటే కదరా, రెండో మాట చెప్పడానికి!"

సాంగిన్ నవ్వి, వెంటనే ముఖం సర్దుకున్నాడు. నన్ను ఖోలా అని, అంటే పిన్నీ అని పిలుస్తాడు. "ఖోలా, ఈ మధ్యాహ్నం అతిథులతో ఎలా నెగ్గుకొస్తావో చూస్తాను. కుదరకపోతే సోమవారం ఖుజంద్ పట్నం నుంచి చదువుకున్న అమ్మాయి వస్తుంది. కోపం తెచ్చుకోవద్దు."

తప్పు నాదే. కిందటి వారం ఒక విదేశీ కుర్రాడు మాంసం వద్దంటే మూడుసార్లు వడ్డించాను. మా వైపు అతిథి మొదటిసారి వద్దనడం మర్యాద. ఆ మాట పట్టుకుని గరిటె వెనక్కి తీసే ఇల్లాలు పిసినారి. ఆ కుర్రాడు కంచం వదిలి లేచిపోయి, ఇక్కడ తిండి బలవంతంగా కుక్కుతారని ప్రపంచమంతా చదివేలా రాశాడు.

మాస్టారు ఆ సాయంత్రం నాలుగింటికి రాజధాని దుషంబేలో ఆసుపత్రికి వెళ్ళాలి. గుండెలో ఏదో తలుపు సరిగా మూసుకోవడం లేదట. నేను గెలిస్తే ఆయన బల్లా, డబ్బా నాకు. లేదంటే ఆ చీటీలు సామాన్ల గదిలోకి, నేను తిరిగి పొయ్యి దగ్గరికి. ఆయన ఇంకో చీటీ తీసి నా చేతిలో పెట్టారు. కూడబలుక్కుని చదివాను.

'నో, థాంక్యూ: వద్దు. ఇక అడగకు. నాట్ యెట్, థాంక్యూ: ఇంకా వద్దు. కాసేపాగి అడుగు.'

"ఒక్కసారికే నమ్మాలా మాస్టారూ? మా అమ్మ బతికుంటే తొడపాశం పెట్టేది."

"నమ్ము చెల్లెమ్మా. వాళ్ళ మాటను నమ్మడం కూడా మర్యాదే."

ఒంటిగంటకు కొండల్లోని సరస్సులు చూసి ముసలి విదేశీ దంపతులు దిగారు. "హ్యావ్ ఎ సీట్" అన్నాను. కూర్చున్నారు. ముసలాయనకు మాంసం చూపించాను. "నో, థాంక్యూ." నా చెయ్యి గరిటెతో సహా గాలిలో ఆగిపోయింది. వెనక్కి తీశాను. ఆవిడకు టీ చూపించాను. "నాట్ యెట్, థాంక్యూ." గుమ్మంలో సాంగిన్ నిలబడి ఉన్నాడు. మల్బరీ కింద మాస్టారు మాకు వీపు పెట్టి పెన్సిలు చెక్కుతున్నారు. చెక్కుతున్న చప్పుడు ఆగింది.

వంటింట్లోకి పోయి గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు. తరవాత పియాలా గిన్నెలో మర్యాదగా సగం దాకా టీ పోసి తీసుకెళ్ళాను; నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు. ఆవిడ రెండు చేతులతో అందుకుని, నా ముఖంలోకి చూసి ఏదో అంది. ఆ మాట నా చీటీల్లో లేదు. కానీ తెలిసింది.

సాంగిన్ వచ్చి, పేర్ల పుస్తకాన్ని నా వైపు తిప్పి పెట్టి వెళ్ళిపోయాడు. పెన్సిలు చెక్కుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

నాలుగింటికి కారు వచ్చింది. మాస్టారు క్లిప్పు తీసి సైకిలు హ్యాండిలుకు పెట్టారు. డబ్బా నా బల్ల మీద పెట్టి, "మూత వదులు. వాన పడకుండా చూడు" అన్నారు.

"గుడ్ బై అనాలా మాస్టారూ, సీ యూ అనాలా? చీటీలో రెండూ ఉన్నాయి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "రెండూ వద్దు. రొట్టె తీసుకురా."

పొద్దున్న కాల్చిన గుండ్రటి రొట్టె తెచ్చాను. మా వైపు ప్రయాణమయ్యేవాళ్ళు ఒక్క కొరుకు కొరికి వెళ్తారు. మిగిలింది ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. వచ్చి తినాల్సింది వాళ్ళే.

"మెల్లిగా మాస్టారూ, ఉన్నవి కూడా ఊడతాయి!" అన్నాడు సాంగిన్.

మాస్టారు కొరికి, నములుతూనే కారెక్కారు.

ఎనిమిదో రోజు పొద్దున ఫోను వచ్చింది. ఆపరేషన్ ఇంకా చేయనే లేదట. మంచం మీద కూర్చుని టీ తాగి, పియాలా పక్కన పెట్టి, అలాగే వెనక్కి వాలారట. సాంగిన్ నాకు చెప్పి బయటికి వెళ్ళి, ఆయన సైకిలును నీడలోకి జరిపాడు. అప్పుడే ఇద్దరు అతిథులు గేటు తీసుకుని వచ్చారు. "హ్యావ్ ఎ సీట్" అన్నాను.

రొట్టెను ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పిట్టలకు వేయమన్నారు కొందరు, నదిలో వదలమన్నారు కొందరు. నేను తియ్యలేదు. ఏడేళ్ళయింది. నా బల్ల పైన మేకుకు తెల్లటి గుడ్డసంచీలో ఉంది, రాయిలా గట్టిపడి. అంచున పళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి. వాటి మధ్య, పన్ను లేని చోట, తెగకుండా మిగిలిపోయిన చిన్న మొన, దాని మీద ఒక నువ్వుగింజ.

జుమాగుల్, అరవై నాలుగేళ్ళు,
బజారు వెనక వీధి, పంజకెంత్.