ఎర్ర రాయి ముందు కొబ్బరికాయ

సరిహద్దులో మందుపాతరలు ఏరి రిటైరై వచ్చిన నరసింహులుకి లోకంలో భయమంటూ ఉంటే ఒక్క అత్తగారంటేనే. మందుపాతర పెట్టిన చోటే పడి ఉంటుంది. సీతారావమ్మగారు అలా ఉండే రకం కాదు.

రెడ్డిగూడెం పక్కన అతని మామిడితోటలో ఎవడో అడవిపందుల కోసం దొంగచాటుగా నాటుబాంబులు పెట్టాడు. పోలీసులు పట్టుకుని అడిగితే ఎక్కడెక్కడ పెట్టాడో వాడికే గుర్తులేదట. ఊళ్ళోవాళ్ళు నడిచే బాట ఆ తోట మధ్యనుంచే. అప్పటికే ఒక కుక్క చచ్చింది. విజయవాడ నుంచి బాంబు స్క్వాడ్ మధ్యాహ్నానికి గానీ రాదు. నరసింహులు ఊరందరికీ చెప్పి, కాయ కోతకొచ్చిన కూలీలను ఆపి, తెల్లారగానే తోటలోకి దిగాడు.

పెద్ద రసం చెట్టు కింద ఎండుటాకుల్లో ఒకటి కనబడింది. ముట్టుకోకుండా, గుర్తుగా పక్కనే ఎర్రరంగు పూసిన రాయి పెట్టాడు. తను వెతికి చూసిన దారికి అటూ ఇటూ సున్నం గీతలు పోశాడు. మిలిటరీలో ఎరుపంటే ప్రమాదం, తెలుపంటే క్షేమం. సున్నం అయిపోతే ఇంకో బస్తా కోసం ఇంటికెళ్ళాడు.

ఊరందరికీ చెప్పినవాడు చాట్రాయి బస్సుకి చెప్పడం మరిచాడు. కూతురికోసం మొక్కుకున్న కొబ్బరికాయా పసుపూ కుంకుమా సంచిలో పెట్టుకుని, సీతారావమ్మ అప్పుడే ఆ బస్సు దిగి తోటకడ్డంగా నడిచొచ్చింది. సున్నం గీతల మధ్య శుభ్రమైన దారి, దారి చివర చెట్టు మొదట్లో ఎర్రటి రాయి! చెప్పులు విప్పకుండా ఎలా ఉంటుంది?

నరసింహులు తిరిగొచ్చేసరికి రాయికి పసుపు రాయడం, బొట్టు పెట్టడం అయిపోయాయి. ఆవిడ కొబ్బరికాయ పైకెత్తింది.

"అత్తయ్యగారూ! కొట్టకండి! అక్కడ బాంబుంది!"

"అమ్మవారుండగా బాంబేం చేస్తుందండీ? మొక్కు మధ్యలో కదిలించకండి," అంది ఆవిడ, తల కూడా తిప్పకుండా.

అల్లుడి మాటకి ఆగని మనిషి ఇంక దేనికి ఆగుతుంది?

"మైలండీ! కొట్టకూడదు! బాపులపాడులో మీ అన్నయ్య పాండురంగారావుగారు పోయారు!"

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ వెంటనే పట్టు జారింది. కాయ ఆకుల మీద పడి, దొర్లి దొర్లి రాయి ఇవతలే ఆగింది.

"గీతల మధ్యనుంచే వచ్చెయ్యండి," అన్నాడు మెల్లగా.

ఆవిడ ఏడ్చుకుంటూనే వచ్చింది. బయటికి రాగానే ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఎవరూ పోలేదండీ. మిమ్మల్ని ఆపడానికి నోటికొచ్చింది అనేశాను."

ఆవిడ నమ్మలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఉన్నావా?"

"ఉండకేం, టిఫిన్ చేస్తున్నా. ఏంటమ్మా?"

మధ్యాహ్నం స్క్వాడ్ వాళ్ళు ఆకులు తప్పించి బాంబు తీశారు. పసుపు రాసిన రాయికి జానెడు దూరంలో ఉందది. దూరంనుంచి చూసిన సీతారావమ్మ అల్లుణ్ణి పిలిచింది. చివాట్లకి సిద్ధపడి తలొంచుకుని వచ్చాడతను.

"నా ప్రాణం కాపాడారు అల్లుడుగారూ. బతికున్నంతకాలం మరిచిపోను," అని కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇంకోసారి ఇలాంటి అవసరమొస్తే, మీ వైపు వాళ్ళని చంపండి."