దేవకమ్మ బర్రెకు లిఫ్టు

ఇట్లా దగ్గరికి జరుగు పిల్లా, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నీకు అందదు. పక్కింటి దేవకమ్మ బర్రె సంగతి చెప్తాను. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు.

నేను చదివింది రెండో తరగతి. అయినా ఇంగ్లీషు మాటలు నాకూ వచ్చు, ఈ రోజుల్లో ఎవరికి రావు? లిఫ్టు అనే మాటనే తీసుకో. మోగుతున్న ఫోను తీస్తే లిఫ్టు. రోడ్డు మీద పోయే బండిని ఆపి ఎక్కించుకోమంటే లిఫ్టు. ఏటి నీళ్ళను మెట్టకు ఎక్కిస్తే లిఫ్టు. నెల్లూరు ఆసుపత్రిలో మీ తాతను పై అంతస్తుకు తీసుకుపోయిన పెట్టె కూడా లిఫ్టే. బోరులోంచి మోటారు పైకి లాగేవాళ్ళు తమ పనిని లిఫ్టింగు అంటారు. మనకు ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. ఇంగ్లీషువాళ్ళు అన్నిటికీ ఆ ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నారు.

ఆ ఎండాకాలం దేవకమ్మ బర్రె ఈనింది. దూడ పెద్దది, లాగి తీయాల్సి వచ్చింది. దూడ బతికింది గానీ తల్లి పడుకున్న చోటి నుంచి లేవలేదు. దేవకమ్మ మొగుడు పోయాక ఆ ఇల్లు నడిచేది దాని పాల మీదే. కొడుకు కోటేశ్వర్ అప్పటికి ఆత్మకూరులో మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు, చేతికి వచ్చేది వాడి తిండికే చాలేది కాదు.

ఉదయగిరి నుంచి పశువుల డాక్టరమ్మ సుజన వచ్చింది. కాల్షియం సీసా ఎక్కించి, వెనక కాళ్ళు గుచ్చి చూసింది.

"నరం నలిగింది దేవకమ్మా. అయినా ఆశ ఉండాది. ఇట్లా ఒకే పక్కన పడుంటే మాత్రం కండ చచ్చిపోతాది. పొద్దునా సాయంత్రం లిఫ్ట్ చేసి నిలబెట్టాల."

చెప్పినంత సులువా? పొట్ట కింద గోతాలు దూర్చి, కర్రలు పెట్టి వీధిలో మగవాళ్ళంతా ఎత్తారు. సగం లేచి మళ్ళీ కూలబడింది. ఒకడి కాలు దాని కింద పడి నలిగింది కూడా.

అది విని ఓబులయ్య వచ్చాడు. ముసలి పశువుల్ని కొని కోతకు తోలేవాడు.

"ఇంక లేవదులే అక్కా. ఊపిరుండంగానే నాకియ్యి. రేపు పొద్దున ఆటో తెస్తా."

"దాన్ని చూస్తే నీకు తూకమే కనపడతాదేందిరా," అంది దేవకమ్మ. తిట్టింది గానీ వద్దని మాత్రం అనలేదు.

సాయంత్రం జనార్దనయ్య నిమ్మతోట బోరులో చెడిపోయిన మోటారును పైకి లాగడానికి వహాబ్ వచ్చాడని తెలిసింది. మూడు ఇనుప గొట్టాల స్టాండు, దానికి వేలాడే గొలుసు గిలక. దేవకమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా తోటకు పోయింది. నేనూ వెనకే పోయాను.

"అక్కా, నేను మోటార్లు ఎత్తేవాణ్ణి," అన్నాడు వహాబ్. "మోటారు తన్నదు."

"దానికి తన్నే కాళ్ళుంటే నీ దగ్గరికెందుకొస్తాన్రా?"

జనార్దనయ్య ఒప్పుకోలేదు. "చెట్లు వాడిపోయినాయి దేవకా, చూడు. ముందు నా మోటారు పైకి రానీ."

"నీ చెట్లు రేపటికి కూడా చెట్లే అన్నా. నా బర్రె రేపటికి మాంసం."

ఆయన చెట్ల వైపు చూశాడు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. "పోరా వహాబూ. స్టాండు విప్పు," అన్నాడు.

వాకిట్లో స్టాండు నిలబెట్టి, పొట్ట కింద లారీ బెల్టులు వేసి, మోటారును లాగినట్టే లాగాడు వహాబ్. బర్రె గాల్లోకి లేచింది. కాళ్ళు వేలాడుతుంటే గుడ్లు తేలేసి అరిచింది.

"దించరా, చస్తాది!" అంది దేవకమ్మ.

డాక్టరమ్మకు ఫోను చేస్తే చాలాసేపు లిఫ్ట్ చేయలేదు. చేశాక గట్టిగా కేకలేసింది. "గాల్లో కట్టేసినారా? గిట్టలు నేలకు ఆనాల! సగం బరువు బెల్టు మొయ్యాల, సగం అది మొయ్యాల. మీరు ఎత్తితే చాలదు, అది నిలబడాల."

వహాబ్ గొలుసును కొంచెం కొంచెంగా వదిలాడు. గిట్టలు నేలను తాకాయి, మడమలు మడతపడ్డాయి. దేవకమ్మ దూడను తెచ్చి ముందు నిలబెట్టింది. బర్రె మెడ చాచి దాన్ని నాకింది, ఇంకా అందుకోవాలని ముందుకు తోసుకుంది. వహాబ్ బెల్టుకూ తోలుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు.

"అక్కా, బెల్టు వదులైంది," అన్నాడు మెల్లగా.

కాసేపే. మళ్ళీ బరువంతా బెల్టు మీదికే వచ్చింది. అయినా దేవకమ్మకు ఆ కాసేపు చాలింది.

పొద్దున ఓబులయ్య ఆటోతో వచ్చేసరికి బర్రె బెల్టుల్లోనే గడ్డి నములుతోంది.

"ఏంది చూస్తాండావు? ఆ గడ్డి మోపు ఇటు అందియ్యి," అంది దేవకమ్మ. అందించి పోయాడు.

స్టాండు కొన్నాళ్ళు ఆ వాకిట్లోనే ఉంది. వేరేది దొరకలేదు, వహాబ్‌కు అదొక్కటే. బర్రె తనంతట తను లేచి నిలబడ్డాకే దాన్ని తోటకు తీసుకుపోయాడు. వెనక కాలు ఒకటి ఇప్పటికీ ఈడుస్తుంది గానీ పాలకు లోటు లేదు.

ఆలోపల నీళ్ళు లేక జనార్దనయ్య తోటలో పిందె అంతా రాలిపోయింది. ఆయన ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, దేవకమ్మ దగ్గర అసలే ఎత్తలేదు. ఊళ్ళో అందరూ బర్రె లేచిన సంగతే చెప్పుకుంటారు. నువ్వు మాత్రం గుర్తుపెట్టుకో పిల్లా, ఎవరికి చెప్పినా ఆ పిందె రాలిన సంగతి కూడా కలిపి చెప్పు.