జానెడు తక్కువ బల్లెం

తడికర్ర పొగ.

కళ్ళు మండించే పొగ. గొంతులో దిగి అక్కడే కాపురం పెట్టే పొగ. ఈ ఫ్లాండర్స్ దేశంలో వాన వెలవదు, ఎండుపుల్ల దొరకదు. అయినా మా గుడారం ముందు కుండ కింద మంట మాత్రం వెలుగుతూనే ఉంటుంది...

బల్లేల పుణ్యం అది.

స్పెయిన్ రాజుగారి కాల్బలం! పేరు వింటే శత్రువు వణుకుతాడట. దగ్గరికొచ్చి వాసన చూస్తే తెలుస్తుంది. పేలు. చీము. నానిన తోలు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. వీళ్ళ చొక్కాలు ఉతికి ఉతికి నా చేతులు తెల్లగా నానిపోయాయి. నా మనసు విరిగిపోయింది.

నా మొగుడు తెల్లో. అతని జతగాడు బెల్ట్రాన్. ఒకే గుడారం, ఒకే కుండ. ఒకడు పోతే వాడి సొత్తు రెండోవాడిది. ఇది సైన్యంలో ఆచారం. అన్నదమ్ముల్లో లేని ప్రేమ అని అందరూ మెచ్చుకుంటారు.

బల్లెం అంటే మనిషికి మూడింతల పొడవు. దాన్ని మోస్తూ బురదలో నడవాలి. నడిచి నడిచి భుజం పుండవుతుంది. అప్పుడు రంపం తీస్తారు. వెనక కొసన ఒక జానెడు — అంతే. ఆ ముక్క కుండ కిందికి పోతుంది. తడిసినా మండే కర్ర అది.

కొన్నాళ్ళకు ఇంకో జానెడు.

ఎవడికి వాడే అనుకుంటాడు — నాది పొట్టిదైతే ఏం, పక్కవాడిది పొడుగేగా!

పక్కవాడూ అదే అనుకుంటాడు.

ఛీ.

సార్జెంటు కిరోస్‌కు కనిపించదా? కనిపిస్తుంది. ఆయన కుండ కిందా మంట ఉండాలి కదా.

ఒక సాయంత్రం ఆయనే వచ్చి చెప్పాడు, రేపు తెల్లోది ముందు వరస అని. ముందు వరస అంటే గొప్పింటి బిడ్డలు నాకంటే నాకని పోట్లాడుకునే చోటు. తెల్లో మీసం దువ్వుకున్నాడు. నేను అతని బల్లెం వైపు చూశాను.

"ఏమయ్యా, ఫ్రెంచివాళ్ళు గుర్రాల మీదొస్తారు. వాళ్ళ ఈటె నీ గుండెకు తగిలినా, నీ బల్లెం గుర్రం ముక్కుక్కూడా అందదు. పొడుగుదొకటి అడిగి తెచ్చుకో."

"అడిగితే నీదేమైందిరా అంటారు. కోసుకుని శనగల పులుసు కాచుకున్నానని చెప్పమంటావా?"

"చెప్తే ఏం పోతుంది?"

"పరువు పోతుందే!"

"ప్రాణం పోయాక ఆ పరువు ఎక్కడ దాచుకుంటావు? నేనుతికిన చొక్కాలోనా?"

బెల్ట్రాన్ పగలబడి నవ్వాడు. "ఊరుకో మెన్సియా వదినా. కూటికి పేదైతే కులానికి పేదా? మావాడు కాస్టీల్ గడ్డ మీద పుట్టిన బిడ్డ!"

"అంత ప్రేముంటే నీ బల్లెం ఇయ్యరాదూ? నువ్వు నిలబడేది వెనకేగా."

అతని నవ్వు ఆగిపోయింది. కుండలో గరిటె తిప్పుతూ, ఉప్పు చాల్లేదన్నాడు.

తెల్లారింది. అందరూ బురదలో మోకరిల్లి మరియమ్మకు దండం పెట్టారు. లేచారు. బల్లేలు లేచాయి. నేను బండ్ల దగ్గర నిలబడి చూశాను. మొనలన్నీ ఎగుడుదిగుడుగా — ఎలకలు కొరికిన చీపురులా. అందరూ చూశారు. ఎవరూ నోరు విప్పలేదు.

గుర్రాలొచ్చాయి.

తెల్లో కాలు తన్నిపెట్టి బల్లెం వంచాడు. రౌతు ఈటె ముందు చేరింది.

ఒక్క జానెడు... ఆ జానెడు నా కుండ కింద బూడిదలో ఉంది.

వెనక వరసలు ఎలాగో నిలబడ్డాయి. గెలిచామన్నారు. బాకాలు ఊదారు.

నేను తెల్లోను కడిగాను. ఎంత కడిగినా బురదేదో నెత్తురేదో తేలలేదు. కిరోస్ వచ్చి టోపీ తీశాడు.

"రాజుగారి కోసం ప్రాణమిచ్చాడమ్మా."

"పులుసు కోసం ఇచ్చాడు," అన్నాను.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేవేళకు బెల్ట్రాన్ వచ్చాడు. తెల్లో బల్లెం తెచ్చాడు. ఆచారం ప్రకారం అది ఇప్పుడు అతనిది. ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ముక్కు తుడుచుకుని, తన బల్లెం పక్కనే తెల్లో బల్లెం నేల మీద పెట్టాడు.

బెల్ట్రాన్‌దే పొట్టిది. తెల్లోదానికన్నా ఇంకో బెత్తెడు తక్కువ.

"రేపు ముందు వరస నాకిచ్చారు వదినా." తెల్లో బల్లెం ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. "అబ్బ... ఇంత బరువు వీడెలా మోశాడో!"

కుండ కింద మంట ఆరిపోతోంది.

"రంపమేది వదినా?"

రంపం నా లంగా కింద ఉంది. దాని మీదే కూర్చున్నాను. పళ్ళు తొడలో గుచ్చుకుంటున్నాయి.

"ఒక్క బెత్తెడే వదినా... పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

నేనూ తినలేదు. నాకూ ఆకలేస్తోంది — తెల్లో ఇంకా మట్టిలోకి కూడా పోలేదు, నాకు ఆకలేస్తోంది. థూ.

కుండలో శనగలు ఇంకా ఉడకలేదు. కింద ఒకే ఒక్క ముక్క మిగిలింది, సగం కాలి, చిటపటలాడుతూ.

తడికర్ర పొగ... కళ్ళు మండిస్తూ...