మేస్త్రి గారు మెచ్చిన బండి

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. ఈ సంగతంతా విన్నాక మీకు రాకపోతే అప్పుడు మాట్లాడండి.

మా అమ్మాయి పదో తరగతి. పసితనంలో వచ్చిన జబ్బుకి కాళ్ళు నిలవకుండా పోయాయి, చక్రాల కుర్చీలోనే ఎక్కడికైనా. బడి పద్దెనిమిది కిలోమీటర్లు. బడి బస్సు మెట్లు ఎత్తు, టాక్సీ వాళ్ళేమో కుర్చీ కంటపడగానే ఆపకుండా పోతారు. మానేసిన రోజులు పేరుకుపోయి, ఇంకో ఆరు రోజులు రాకపోతే పరీక్షకు కూర్చోనివ్వబోమని బడి నుంచి కాగితం వచ్చింది. అది చదివి పిల్ల ఏడవలేదు. కాగితాన్ని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. నేనే ఏడ్చాను.

పక్కకు జరిగే తలుపు, కుర్చీ ఎక్కించడానికి వాలుపలక ఉన్న వ్యాను కోసం ఊరంతా గాలించాం. కొత్తది మా తాహతుకు మించినది. పాత ఎలక్ట్రిక్ వ్యాను ఒకటుందని తెలిసి నేనూ, మా మామయ్యా, అమ్మాయీ వెళ్ళాం. మా ఆయనకు ఆస్పత్రి లాండ్రీలో సెలవు దొరకలేదు.

మామయ్యంటే మా ఆయన నాన్న, ఆయన గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు డీజిల్ ఇంజన్లు బాగుచేశారు. బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం చెవి ఒగ్గి వింటే చాలు, రోగమేదో చెప్పేస్తారు. ఇప్పటికీ లారీ డ్రైవర్లు పొద్దున్నే మా గుమ్మం ముందు బండి ఆపి, "మేస్త్రి గారూ, ఒక్కసారి వినిపెట్టండి" అంటారు. ఆయన పళ్ళు తోముకుంటూనే వెళ్ళి వింటారు.

పాత బండ్ల షోరూం యజమాని మామయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు. మొహం మీద నవ్వు చెరగని మనిషి. మా అమ్మాయి అక్కడికక్కడే పళ్ళికిలింపు అని పేరు పెట్టింది.

"మేస్త్రి గారూ, మీరొచ్చాక మేం చెప్పేదేముంటుంది? మీ చెవిని మించిన మిషను మా దగ్గర లేదు" అన్నాడు.

మామయ్య పొంగిపోయారు. చొక్కా చేతులు మడిచి, బండి ముందు భాగం మీదకు వంగి, కళ్ళు మూసుకున్నారు. నేను స్విచ్ వేశాను. ఒక నిమిషమైంది, రెండు నిమిషాలయ్యాయి.

"ఒక్క చప్పుడు లేదమ్మాయ్" అన్నారు కళ్ళు తెరిచి. "ఇంత నిఖార్సయిన బండిని నా జన్మలో వినలేదు."

నిలబెట్టిన ఆ బండిలో చప్పుడు చేసేదే ఏదీ లేదని ఆయనకు తట్టలేదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? దర్జీ పని చేసేదాన్ని కదా, సీట్ల కుట్లన్నీ వేలితో తడిమి, ఒక్క పోగు ఊడలేదని మురిసిపోయాను. పళ్ళికిలింపు చేతులు కట్టుకుని ఇద్దరికీ తల ఊపుతూ నిలబడ్డాడు. పల్లంగా దిగే వీధిలో ఓ చుట్టు తిప్పించాడు. ఏసీ వేయబోతే "గాలి హాయిగా ఉంది కదమ్మా" అని ఆపాడు. తెర మీద చార్జింగ్ నిండుగా, నూట తొంభై కిలోమీటర్లు వస్తుందని కనిపిస్తోంది. ఇంకేం కావాలనిపించింది. సొంత మెకానిక్ పరీక్షించి తృప్తి పడ్డారని రాసిన కాగితం మీద మామయ్యతో సంతకం పెట్టించుకున్నాడు. తాళాలు చేతికిచ్చి, తాతామనవరాళ్ళను బండి పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీశాడు.

మూడు రోజులు పిల్ల బడికి రాణిలా వెళ్ళింది. రెండో రోజుకే చార్జింగ్ గబగబా పడిపోతోందని గమనించాను, కొత్త చేయి కదా నేనే సరిగ్గా నడపడం లేదేమోనని ఊరుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న దింపి వచ్చి, రోజూలా మధ్యాహ్నం మళ్ళీ చార్జింగ్ పెట్టే తీరిక లేక దుకాణానికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ తీసుకొస్తుంటే ఫ్లైఓవర్ నడిమధ్య బండి ఆగిపోయింది. అప్పటికి నడిచింది అరవై కిలోమీటర్లు. వెనక హారన్లు. వాలుపలక కరెంటు మీద దిగేది, అదీ దిగలేదు. తలుపు చేత్తో లాగి తెరిచాను గానీ పిల్లను కుర్చీతో సహా దించడం నా ఒక్కదాని వల్ల కాలేదు. లాక్కెళ్ళే బండి వచ్చేసరికి గంటన్నర. ఆ ఎండలో చెమటలు కక్కుతూ పిల్లే నాకు ధైర్యం చెప్పింది.

"ఇవాళ్టి హాజరు వేసేశారులే అమ్మా."

బండిని చేర్చిన చార్జింగ్ స్టేషన్లో పనిచేసే ఆవిడ స్టీరింగ్ కింద ఓ చిన్న పరికరం గుచ్చి, ఫోన్లో చూసింది. నలభై ఒకటి అని వచ్చింది. బ్యాటరీకి మిగిలిన ఓపిక అదట, నూటికి నలభై ఒకటి.

"గ్లాసు నిండిందనే చూపిస్తుందక్కా. కానీ గ్లాసే సగమైపోయింది" అంది. "ఈ అంకె చూసుకోకుండా ఏ షోరూం వాడూ బండి కొనడు. మీకు చెప్పలేదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కబురందుకుని వచ్చిన మామయ్య ఆ పరికరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఐదు రోజులు పిల్ల ఇంట్లోనే ఉంది. ఆరోది మిగిలింది.

ఆ ఐదో రోజున షోరూంకి వెళ్ళాం. గుమ్మంలో అడుగు పెట్టగానే గోడ మీద నిలువెత్తు ఫొటో. మా మామయ్య, మా పిల్ల. కింద పెద్ద అక్షరాల్లో "మేస్త్రి గారు మెచ్చిన బండి, మనవరాలికి ఇచ్చిన బండి." ఆ ఫొటో కిందే ఇద్దరు పసివాళ్ళతో ఓ జంట ఇంకో వ్యాను చూసుకుంటోంది.

ఒళ్ళు మండిపోయింది. "మా పిల్ల కాళ్ళు అడ్డం పెట్టుకుని వ్యాపారం చేస్తున్నావా నువ్వు?" అన్నాను, షోరూం అంతా వినేట్టు.

"నెమ్మదమ్మా. మీ మామగారే కదా చూసుకున్నారు. సంతకం కూడా ఉంది" అన్నాడు, అదే నవ్వుతో.

నేను ఇంకో మాట అనేలోపు మామయ్య నన్ను దాటుకుని ఆ జంట దగ్గరకు వెళ్ళారు.

"బాబూ, ఆ ఫొటోలో ముసలాణ్ణి నేనే. నాకు డీజిల్ తెలుసు. బ్యాటరీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసి, చప్పుడు లేదు కాబట్టి మంచి బండి అన్నాను. నాకు తెలియదని ఈయనకు తెలుసు. ఈయన సొరుగులో ఓ చిన్న పరికరం ఉంటుంది, అది గుచ్చి చూపించమని అడగండి."

ఆ భర్త పళ్ళికిలింపు వైపు తిరిగి, "చూపించండి" అన్నాడు. మొదటిసారి ఆ నవ్వు చెరిగింది. మమ్మల్ని లోపలి గదిలోకి పిలిచాడు.

ఇంకో వ్యాను ఇస్తానన్నాడు. పరికరం గుచ్చి చూపించాడు కూడా, ఎనభై ఎనిమిది. సొరుగులోంచే తీశాడు, మహానుభావుడు. కానీ ముందు ఒక కాగితం మీద సంతకం కావాలన్నాడు. చదివాను. "నాకు బండ్ల గురించి తెలియదు. పొరపాటు పూర్తిగా నాదే, షోరూంది కాదు."

"బ్యాటరీ అని కూడా రాయలేదు చూశారా మామయ్యా? బండ్లట. పెట్టకండి. నేను వీణ్ణి కోర్టుకీడుస్తాను."

"కోర్టు ఎన్నాళ్ళమ్మాయ్?" అన్నారాయన. "పిల్లకి ఒక్క రోజే మిగిలింది."

కళ్ళజోడు పెట్టుకుని, వంగి, పూర్తి పేరుతో సంతకం చేశారు. బయటికి వస్తూ గోడ మీది ఫొటోను నిలువునా పీకి చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాను. ఎవడూ అడ్డం రాలేదు, వచ్చి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ ఉంది.

పిల్ల మర్నాటి నుంచి ఒక్క రోజు మానలేదు. కొత్త బండి బాగానే నడుస్తోంది. పరీక్షకు హాల్ టికెట్ కూడా వచ్చింది.

మొన్న పొద్దున్న ఓ లారీ డ్రైవర్ వచ్చి ఇంజన్ ఆపకుండానే గుమ్మంలోంచి పిలిచాడు. ఎక్కడో టకటకమంటోంది, నాక్కూడా వినిపిస్తూనే ఉంది. మామయ్య కుర్చీలోంచి లేవలేదు.

"నాకు తెలియదని చెప్పమ్మాయ్" అన్నారు.

పళ్ళికిలింపు బండి మార్చి ఇచ్చాడు, సరే. మా మామయ్య చెవిని ఎవడు తిరిగిస్తాడు? ఆ డ్రైవర్ని రేపు కూడా రమ్మన్నాను, ఎల్లుండి కూడా రమ్మన్నాను.