చెమ్మ ఆరని మూల

దార్సోనో కొట్టిన మొదటి దెబ్బ మేస్త్రీ పార్జాన్ దవడకు తగిలింది. రెండో దెబ్బకు మేస్త్రీ ఇసుక కుప్ప మీద పడ్డాడు.

పెకలోంగాన్ రేవులో సముద్రం పోటెత్తినప్పుడల్లా నేలలోంచి ఉప్పునీరు ఊరుతుంది. కిందటి వానల్లో తమ షెడ్డులో ఆ తడి మీద నిలబడి వెల్డింగ్ చేస్తూనే దార్సోనో తమ్ముడు వర్ది కరెంటు కొట్టి చచ్చిపోయాడు. బిగుసుకుపోయిన వేళ్ళను కర్రతో విరగ్గొడితే గానీ శవం తీగను వదల్లేదు. ఇప్పుడు ఆ పనిలోకి వర్ది పెళ్ళాం సుమినా దిగుతోంది. అందుకే దేనికైనా బేరమాడే దార్సోనో ఈ షెడ్డులో పార్జాన్‌తో వేయించిన కొత్త గచ్చుకు మాత్రం ఆడలేదు. కంకర, ఇసుక, వాటి మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, ఆ పైన కాంక్రీటు. పట్టా నీటిని పైకి రానివ్వదు.

గచ్చు ఆరాక, కిందనుంచి చెమ్మ వస్తోందేమో చూద్దామని నాలుగు మూలలా ప్లాస్టిక్ ముక్కలు పరిచి అంచులకు టేపు అంటించాడు. పొద్దున తీస్తే మూడు పొడిగా ఉన్నాయి. వర్ది పడిన మూలలో ముక్క కింద నీళ్ళు చేరాయి. సమ్మెటతో ఆ మూల పగలగొట్టాడు. అడుగున పట్టా కత్తితో నిలువునా కోసి ఉంది. కోతలోంచి మట్టిలోకి కూరిన కోడి తల.

"ఏంట్రా ఇది?"

ఇసుక కుప్ప మీంచి లేస్తూ పార్జాన్ నెత్తురు ఉమ్మాడు. "మనిషి పోయిన చోటన్నా. నెత్తురు మట్టికి తగలకపోతే నేల ఇంకొకర్ని అడుగుతుంది."

"పట్టా పరవకముందే పెట్టి చావొచ్చుగా."

"అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. కోడి ఖర్చంటే నువ్వెక్కడ గింజుకుంటావోనని నా ఇంటి కోడినే కోశాను."

దార్సోనో అతని కుడిచెయ్యి గచ్చు మీద అదిమి సమ్మెట దించాడు. ఎముకలు పటపటమన్నాయి. మళ్ళీ ఎత్తాడు. సుమినా వెనకనుంచి ఇనప ఊచతో దార్సోనో వీపు మీద ఒక్కటిచ్చింది. సమ్మెట జారింది, దార్సోనో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"బావా, కోపం తీరిందా? నెలాఖరుకి పెద్ద పోటు. ఇప్పుడీ గచ్చు ఎవరు వేస్తారు? నువ్వు మేస్త్రీల చేతులు విరగ్గొడతావని తెలిస్తే ఈ రేవులో ఎవడు గడప తొక్కుతాడు? తడి మీద నిలబడేది నేను."

వీపు మంట కంటే ఆ లెక్కే దార్సోనోకు ఎక్కువ తగిలింది.

పార్జాన్ చెయ్యి కట్టించుకుని వచ్చి, పని దగ్గరుండి చెప్పడానికి బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. దార్సోనో ఆ మూలంతా తవ్వి, చిరుగు దాటి మూరెడు మేర కొత్త పట్టా కప్పి, కాంక్రీటు కలిపాడు. పార్జాన్ కాలితో దాన్ని కెలికి చూశాడు.

"నీళ్ళెక్కువయ్యాయి, ఇది చెమ్మ పీలుస్తుంది. పారేసి మళ్ళీ కలుపు."

"సిమెంటంతా దండగేరా."

"సుమినాని నిలబెడతావా దీని మీద?"

దార్సోనో పిడికిలి బిగిసింది. ఆ పిడికిలితోనే పార అందుకుని, కలిపినదంతా బయటికి ఎత్తిపోశాడు.