వాసన చూడని పువ్వు

పూజకు పువ్వులు తెంపేటప్పుడు రశ్మి ఊపిరి బిగబట్టుకుంటుంది. పెళ్ళయి శక్తినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌కి వచ్చిన తొలి వారంలోనే అత్తగారు మహాదేవమ్మ చెప్పేసింది: "వాసన చూసిన పువ్వు దేవునికి ఎంగిలి. ముక్కు దూరం పెట్టి తెంపు." పదకొండేళ్ళయింది. తలలో పెట్టుకునే మల్లెల సంగతి వేరు. శంఖుపువ్వుల్లాంటివి పూలసజ్జలోంచి నేరుగా పటం మీదికే. పొయ్యి మీద పాలు, భర్త కిషోర్ టిఫిన్ డబ్బా, అతని కంపెనీ బస్సు టైము, వీటి మధ్యనే పరుగెత్తి పొరుగు కంచెల మీంచి తెంపుకొస్తుంది. అంత నీలంగా ఉండే పువ్వు వాసన ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

తల్లిగారి ఊరు యరగేర వెళ్ళినప్పుడు ఓ శంఖుపువ్వు తీగె నుంచి ఎండుకాయలు కోసుకొచ్చింది. "విత్తనాలెందుకే? నర్సరీల మొక్కనే దొరుకుతది. నీకు పని తక్కువైనట్లుంది" అన్నాడు కిషోర్. ఆ మాటకు రశ్మికి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే పది గింజలు పాతింది. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే వేసినవి వేసినట్టే, రాళ్ళలా ఉన్నాయి. ఎందుకని? ఆ ప్రశ్న అంట్లు తోముతున్నా వదల్లేదు. ఈసారి ఎనిమిదింటిని గచ్చు మీద తెల్లగా గీరుపడేదాకా రుద్ది, రెండింటిని ఊరికే వదిలి, అన్నీ గోరువెచ్చని నీళ్ళలో వేసింది. తెల్లారేసరికి రుద్దినవి ఉబ్బాయి, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఆరోరోజు మట్టిని తోసుకుని మెడ వంచుకున్న మొలక కనబడితే రశ్మి దాని ముందే చతికిలబడిపోయింది. అన్నం అడుగంటింది. "మతి యాడుంది నీకు?" అన్నాడు కిషోర్. ఇక్కడే ఉందని చెప్పాలనిపించింది.

తీగె బాల్కనీ ఊచలు పట్టుకుంది. కరెంటు ప్లాంటు బూడిద పడకుండా రోజూ ఆకు ఆకూ తుడిచింది. యాభై రోజులకు మొగ్గ తొడిగింది. "మొదటి పువ్వు దేవునిది" అని మహాదేవమ్మ ప్రకటించింది. రశ్మికి ఆశ్చర్యమేసింది. దేవుడు అడగలేదే! అడిగింది అత్తమ్మ. గింజ రుద్దిన వేళ్ళు తనవి, తిట్లు తిన్న చెవులు తనవి. ఇది కూడా వాసన చూడకుండా ఇచ్చేస్తే ఇక ఎప్పటికీ అడగలేనని భయం వేసింది.

తెల్లవారి పువ్వు విచ్చింది. తెంపి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

వెనక మహాదేవమ్మ, చేతిలో ఖాళీ సజ్జ. "అయ్యో, ఏం చేస్తివే రశ్మీ! ఎంగిలి చేస్తివి గదనే!"

"నేను పెంచిన, అత్తమ్మా. మొదటిది నాది. రేపటి సంది దేవునికి." పువ్వున్న చెయ్యి మాత్రం దించలేదు.

మహాదేవమ్మ ఖాళీ సజ్జను కిందపెట్టింది. కొడుకు స్నానాల గదిలోనే ఉన్నాడా అని ఓసారి లోపలికి చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, నలభై అయిదేళ్ళుగా పూజకు పూలు తెంపిన ఆ మనిషి మెల్లగా అడిగింది:

"ఎట్లుందే, వాసన?"